ఉప్పుటేటి ఒడ్డున మేడమీది వాటా

వ్రీదీ, అబిజాన్
ఫిబ్రవరి 1988

నా మేడ మీద దిగిన అమ్మాయికి,

నీ పేరు సెర్వా బొన్సు అనీ, కుమాసీ నుంచి వచ్చావనీ, బట్టలు కుడతావనీ నా తమ్ముడు కోబినా కబురు పంపాడు. రెండేళ్ళ అద్దె ముందే ఇచ్చావట. మంచిదే. ఇల్లు చూపించింది వాడే గానీ ఇల్లు నాది. నేను అరబా ఎషున్‌ని. వేట కాలమంతా నా పడవల వెంట అబిజాన్‌లో ఉంటాను. అంతమాత్రాన ఎడీనాలో నా కిటికీ రెక్క ఏ గాలికి కొట్టుకుంటోందో నాకు తెలియదనుకోకు.

బొన్సు అంటే తిమింగలం. పేరులో తిమింగలాన్ని పెట్టుకుని, మోకాలి లోతు నీళ్ళు కూడా ఎరగని అడవి ఊరి నుంచి వచ్చావు కాబట్టి నాలుగు మాటలు చెప్పాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు కిటికీలు మూసెయ్యి. లేకపోతే ఉప్పుగాలి నీ మిషను సూదిని తినేస్తుంది. మంగళవారం సముద్రానికి సెలవు, ఎవరూ వల వెయ్యరు. కింద చేపలు పొగబెట్టే ఆడవాళ్ళతో పొగ గురించి పోట్లాడకు. ఆ పొగ నీకంటే ముందునుంచీ ఆ ఇంట్లో కాపురముంది. కోబినా ఎంత తియ్యగా మాట్లాడినా జిన్ను సీసా కొనిపెట్టకు.

ఈ ఉత్తరం తెచ్చిన లారీ డ్రైవరుకు మొక్కజొన్న కెంకీ ముద్ద పెట్టి పంపు.

అరబా ఎషున్


ఎడీనా
మార్చి

శ్రీమతి అరబా ఎషున్ గారికి,

నమస్కారం. మీ డ్రైవరుకు కెంకీ పెట్టాను, వేయించిన చేపా పెట్టాను. మళ్ళీ అడిగి వడ్డించుకుని, మీరు బాగున్నారనీ, మనుషుల మీద బాగా అరుస్తున్నారనీ చెప్పి వెళ్ళాడు.

మంగళవారం సంగతి మీ ఉత్తరానికి ముందే తెలిసొచ్చింది. వచ్చిన వారమే గిన్నె పట్టుకుని రేవుకు వెళ్ళాను. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. "చేపలేవీ?" అన్నాను. "ఇవాళ నిద్రపోతున్నాయమ్మా, లేపమంటావా?" అన్నాడొకాయన. రేవంతా గొల్లుమంది. "లేపొద్దులే, రేపు లేచాక మా ఇంటికి రమ్మను" అన్నాను. మర్నాడు ఆయనే మెట్లెక్కి వచ్చి, గిన్నె నిండా చేపలు పోసి, చొక్కాకు కొలతలిచ్చి వెళ్ళాడు.

పొగ గురించి పోట్లాడొద్దన్నారు. అప్పటికే పోట్లాడేశాను. పెళ్ళికూతురి తెల్ల గౌను చేపల వాసన కొడితే ఊరుకుంటానా? కింద ఎఫువా పిన్ని పొయ్యి దగ్గరే నిలబడి నన్ను కడిగేసింది. మీ ఫాంతీవాళ్ళు మాట్లాడితే మూడు మాటల్లో ఒకటి ఇంగ్లీషే గదా! "పిన్నీ, తిట్టేది ఏ భాషలోనో ముందు తేల్చుకో, దాన్నిబట్టి జవాబు చెబుతాను" అన్నాను. ఆవిడకు నవ్వు ఆగలేదు. ఇప్పుడు ఒప్పందం కుదిరింది. తెల్లబట్ట కత్తిరించే పూట నేను పైనుంచి కేకేస్తాను. అది అయ్యేదాకా ఆవిడ పొయ్యి వెలిగించదు.

కుమాసీలో ఏళ్ళ తరబడి ఇంకొకరి దుకాణంలో, ఇంకొకరి పేరు మీద కుట్టాను. ఇప్పుడు మీ గోడకు నా పేరుతో బోర్డు కట్టాను. అడగకుండా మేకు కొట్టలేదు, తాడుతో కట్టాను. మేకు కొట్టమంటారా?

పడమటి గదిలో పైకప్పు కారుతోంది. కోబినా మావయ్యను అడిగితే, "డచ్చివాళ్ళ కాలంనుంచీ కారుతోంది, అలవాటు పడిపోయింది" అంటాడు. నాకు అలవాటు కాలేదు.

సెర్వా బొన్సు


వ్రీదీ, అబిజాన్
ఏప్రిల్

సెర్వా బొన్సుకు,

మేకు కొట్టుకో. రాయి మీద కొట్టకు, సున్నం పట్టిన చోట కొట్టు.

ఎఫువా నవ్విందంటే నమ్మబుద్ధి కాలేదు. మా ఇద్దరికీ ఒకే ఏడు పళ్ళూడాయి, ఒకే ఏడు పెళ్ళయింది. నా ఎదుట ఆవిడ నవ్విన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కప్పు సంగతి కోబినాకు రాశాను. నిచ్చెన బతిమాలి ఎక్కిస్తావో తిట్టి ఎక్కిస్తావో నీ ఇష్టం. వాడు మంచి పనిమంతుడు. పడవ మూలపడ్డ దగ్గర్నుంచి ఒడ్డున కూర్చుని ఊరివాళ్ళ వలలు అల్లుతున్నాడు. వేటకు పోవలసినవాడు ఒడ్డున కూర్చుంటే చేతుల్లో పనుంటుంది గానీ మనసులో ఉండదు. ఒకసారి పడవకు మోటారు కొనిచ్చాను, తాగి సముద్రంలో కలిపాడు. మళ్ళీ కొనిచ్చాను, అదీ అంతే. మూడోది ఇవ్వను.

ఒక్క మాట. ఎవరైనా టేపు పట్టుకుని మేడ కొలుస్తామని వస్తే మెట్లెక్కనివ్వకు. మా వంశపెద్ద ఎసుమాన్ వెంటబెట్టుకొచ్చినా సరే. ఎందుకని అడక్కు.

అరబా ఎషున్


ఎడీనా
మే

అరబా అమ్మకు,

టేపు వచ్చింది.

ఆక్రా నుంచి మెరిసే బూట్లాయన, వెనక ఎసుమాన్ పెద్దాయన. నేను మెట్ల మీద అడ్డంగా కూర్చుని బొత్తాలు కుడుతున్నాను. "లే అమ్మా, పైన చూడాలి" అన్నారు పెద్దాయన. "పైన నా కాపురముంది. కొలతలు తీసే పని నాది. కొలవాలంటే ముందు మిమ్మల్నే కొలుస్తాను, చొక్కాకా పంట్లాముకా?" అన్నాను. బూట్లాయనకు నవ్వొచ్చింది గానీ పెద్దాయనకు రాలేదు. "అద్దెకొచ్చినదానివి, అద్దెకొచ్చినట్టుండు" అన్నారు. "అద్దెకొచ్చినట్టే ఉన్నానయ్యా. గడువింకా చాలా ఉంది" అన్నాను. వెళ్ళిపోయారు.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. ఎందుకు? ఎందుకని అడక్కు అన్నారు. కుమాసీలో ఎవరో ఆడే చదరంగంలో బంటునై బతికాను. మళ్ళీ అవడానికి మీ ఊరు రాలేదు. నన్ను గుమ్మానికి అడ్డం పెట్టినప్పుడు, గుమ్మం వెనక ఏముందో నాకు తెలియాలి.

ఇంకోటి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. కోబినా మావయ్య నాకొక పెద్ద పని తెచ్చాడు. నా బతుకులో అంత పెద్ద గుడ్డ కత్తిరించలేదు. అది పూర్తయ్యాకే చెబుతాను, మీరే గర్వపడతారు.

సెర్వా


వ్రీదీ, అబిజాన్
జూన్

సెర్వాకు,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. క్షమాపణ మాత్రం చెప్పను.

ఎసుమాన్ మా పెద్దమ్మ కొడుకు. మా అమ్మమ్మ ఉప్పుచేపలమ్మి కొన్న మేడను ఆ ఆక్రా ఆసామికి అమ్మేద్దామంటాడు. మన ఊరి పాత కోట చూడడానికొచ్చే తెల్లవాళ్ళకు విడిదిల్లు కడతాడట ఆ మహానుభావుడు. వంశంలో సగంమందిని ఎసుమాన్ అప్పటికే ఒప్పించాడు. పైవాటా ఖాళీగా ఉంటే ఒక్క సమావేశంతో తాళాలు చేతులు మారతాయి. గడువున్న మనిషి కాపురముంటే మారవు. ఆ మనిషి ఊళ్ళో పెద్ద తగువు తెచ్చిపెడితే తప్ప వెళ్ళగొట్టడం కుదరదు. చుట్టాన్నెవర్నైనా పెడితే జిన్ను సీసాకు లొంగిపోతారు. అందుకే బయటి మనిషినే చూడమని కోబినాకు చెప్పాను. వాడు నిన్ను తెచ్చాడు. అడ్డం పెట్టానన్న మాట నిజం. అయితే, గట్టి తలుపునే ఎవరైనా అడ్డం పెడతారు.

ఇక నీ సంగతి. కోబినా ఎవరికైనా పని తెచ్చిపెట్టడం నేనెన్నడూ ఎరగను. అంత పెద్ద గుడ్డంటే ఏమిటి? ఊరిని కాచే అసాఫో దళం జెండా అయితే మాత్రం సూది కింద పెట్టు. ఎడీనాలో జెండా అంటే గుడ్డ కాదమ్మా, మాట. ఏ దళం గుర్తు ఆ దళానిదే. కొత్త జెండా ఏదైనా ముందు ఊరి పెద్దలకు చూపించాలి. మా తాతల కాలంలో ఒక కోడిపుంజు బొమ్మకు తలలు పగిలాయి.

వెంటనే జవాబు రాయి.

అరబా


ఎడీనా
జూన్ చివర

అమ్మా,

మీ ఉత్తరం ఆలస్యమైంది. అది జెండాయే.

నడుమ తిమింగలం. నల్ల మఖమల్ గుడ్డ కత్తిరించి, అంచంతా చేత్తో కుట్టాను. నా పేరే గదా అని మురిసిపోయాను. కింద మూల ఖాళీగా ఉంటే అక్కడ ఎర్రటి పీతను కుట్టాను. పూర్తయ్యాక పొగవాసన పోవాలని డాబా మీద ఆరేశాను.

పీత అవతలి ఒడ్డు వంతెన దళం గుర్తని నాకు తెలియదు. నోరు తెరిచిన తిమింగలం, దాని కింద పీత, మింగేస్తానన్నట్టు! వంతెన మీద పోయేవాళ్ళంతా చూశారు. మధ్యాహ్నానికల్లా కర్రలు పట్టుకుని ఇంటి ముందుకొచ్చారు. ఎఫువా పిన్ని పొయ్యిలోంచి మండే కట్టె తీసి గుమ్మంలో నిలబడింది, లేకపోతే పైకే వచ్చేసేవారు. రాళ్ళు పడి సముద్రం వైపు కిటికీ రెక్క ఒకటి విరిగింది. నాకు దెబ్బ తగల్లేదు.

మన కొండకింది దళం కెప్టెన్ తాము ఏ జెండా కుట్టమని చెప్పలేదంటున్నాడు. ఎసుమాన్ పెద్దాయన సాయంత్రమే వచ్చి, ఉప్పుటేట్లో వేట మొదలయ్యే బకాతుయే పండగలోపల ఖాళీ చెయ్యమన్నారు. తగువు తెచ్చిన మనిషికి గడువుండదన్నారు.

పీతను ఆ మూల పెట్టింది నేనే. ఖాళీ నింపుదామని పెట్టాను. ఇంకెవర్నీ ఏమీ అనకండి.

ఖాళీ మాత్రం చెయ్యను. ఏం చెయ్యాలో ఆలోచించుకున్నాను. మీ జవాబు కోసం ఆగితే పండగ దాటిపోతుంది, అందుకే ఆగడం లేదు.

సెర్వా


వ్రీదీ, అబిజాన్
జూలై మొదట

సెర్వా,

కదలకు. మెట్ల మీదే కూర్చో. నా పెద్ద పడవ ఇంకా ఒడ్డు చేరలేదు, లేకపోతే ఈ కాగితానికి బదులు నేనే వచ్చేదాన్ని. వంతెన దళం కెప్టెన్ క్వాన్సా మొండివాడే గానీ న్యాయం ఎరిగినవాడు. వెళ్ళి తీరాలనుకుంటే అతని దగ్గరికి ఒక్కదానివీ వెళ్ళకు. ఎఫువాను తీసుకెళ్ళు.

అరబా


ఎడీనా
జూలై

అరబా అమ్మకు,

మీరు చెప్పకముందే ఎఫువా పిన్ని వచ్చింది. "నువ్వు పోతే నాకు తిట్టుకోవడానికెవరున్నారే?" అంటూ చెప్పులేసుకుంది.

జెండా మడిచి నెత్తిన పెట్టుకుని వంతెన దాటాను. క్వాన్సా పెద్దాయన వాళ్ళ దళం మండపం ముందు కూర్చుని ఉన్నారు. చుట్టూ కుర్రాళ్ళు. అయినా మర్యాద తప్పలేదు. ముందు మంచినీళ్ళిచ్చారు, తాగాను. తర్వాత వచ్చిన పని అడిగారు.

"జెండా తెచ్చానయ్యా" అన్నాను.

"దాన్ని నా వాకిట్లోకే తెచ్చావా! ఎంత ధైర్యం నీకు?"

"దాచుకుంటే పిరికిదంటారు, తెస్తే పొగరంటారు. ఏదో ఒకటి పడక తప్పదు గదా."

"ఆ పీత ఎవరు గీసిచ్చారు?"

"సూది నాది, కుట్టింది నేను. మాటంటే నన్నే అనండి."

"పీతకు యజమాని ఉన్నాడని తెలీదా?"

"మా అడవిలో పీతలే లేవయ్యా, ఇంక యజమానులెక్కడ? ఒక్క సామెత మాత్రం ఉంది, పీత కడుపున పిట్ట పుట్టదని. మీరు పెద్దవాళ్ళు, మీ కడుపున చిన్నబుద్ధి పుట్టదని నమ్మి వచ్చాను."

వెనక నుంచి ఒకడు "చింపి పారెయ్యండి!" అని అరిచాడు. "చింపితే గుడ్డే పోతుంది. నేను విప్పితే తప్పు పోతుంది" అన్నాను. అక్కడే మట్టిలో కూర్చుని, బ్లేడు తీసి, ఎండలో ఒక్కొక్క కుట్టే విప్పాను. అరిచినవాడు కూడా దగ్గరికొచ్చి చూస్తూ నిలబడ్డాడు. నీడ తిరిగి నా మీద పడేసరికి పని అయింది. ఎర్ర పీతను రెండు చేతుల్లో పెట్టుకెళ్ళి, "మీ పీత మీకు" అన్నాను.

పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "కుట్టు గట్టిగానే వేశావు. ఇంతసేపు పట్టింది" అన్నారు. అంతే. పీతను జేబులో పెట్టుకున్నారు.

మూడోనాడు మన మేడ కింద వంశం సమావేశం. నన్ను వెళ్ళగొట్టాలని ఎసుమాన్ పెద్దాయన మొదలుపెట్టారో లేదో, క్వాన్సా పెద్దాయన కర్ర టకటకలాడించుకుంటూ పిలవకుండానే వచ్చారు. నిలబడే మాట్లాడారు. "ఈ అమ్మాయి నా వాకిట్లో నీళ్ళు తాగింది. నాకూ తనకూ తగువు తీరిపోయింది. తగువు మాది. తీరిందని మేమంటుంటే తీరలేదనడానికి నువ్వెవరయ్యా, ఎసుమాన్?" ఎఫువా పిన్ని వెనక నుంచి, "జవాబు ఫాంతీలోనైనా చెప్పు, ఇంగ్లీషులోనైనా చెప్పు" అంది. ఆ నవ్వుల్లో సమావేశం ముగిసింది. బూట్లాయన కారెక్కి ఆక్రా దారి పట్టాడు.

బకాతుయే పండగ బాగా జరిగింది. పూజారి ఉప్పుటేట్లో వల విసిరితే మూడోసారికి నిండా చేపలు పడ్డాయి. ఈ ఏడు వేటకు ఢోకా లేదంటున్నారు. పెద్దలందరికీ చూపించాక, ఒట్టి తిమింగలంతో మన దళంవాళ్ళు ఆ జెండానే ఊరేగించారు. వంతెన దాటుతుంటే అటువాళ్ళు కూడా డప్పులు ఆపలేదు. నాలుగు జెండాలకు పని వచ్చింది. ఇకమీదట ఏ దళానికైనా బొమ్మ పెద్దలు చూశాకే గుడ్డ కత్తిరిస్తానని చెప్పేశాను.

విరిగిన కిటికీ రెక్క కోబినా మావయ్య బాగుచేశాడు. పడమటి గది కప్పు కూడా బాగుచేశాడు, ఇప్పుడు కారడం లేదు.

మీ సెర్వా


వ్రీదీ, అబిజాన్
ఆగస్టు

నా సెర్వాకు,

నీ ఉత్తరం మా పాకలో అందరికీ చదివి వినిపించాను. 'మీ పీత మీకు' అన్న చోట నా మనుషులు గిన్నెలు వాయించారు.

అందరూ వెళ్ళిపోయాక మళ్ళీ చదివాను. ఇన్ని కాగితాలు నింపావు, అందులో కోబినా కనబడింది సుత్తి పట్టుకున్నప్పుడే. మిగతాదంతా ఎక్కడ దాచావు?

పండగ చూసి తిరిగొచ్చిన నా పడవవాళ్ళు చెప్పారు. క్వాన్సా ఆ పీతను జేబులోంచి తీసి చూపించాడట, దానికి ఎడమ డెక్క పెద్దదట, కుడిది చిన్నదట. చిన్నప్పుడు కోబినా ఇసుకలో గీసిన పీతలన్నీ అలాగే ఉండేవి. అమ్మ ఎన్నిసార్లు చెప్పినా వాడు మార్చలేదు. పైగా వాడు మన దళంలోనే పెరిగాడు, ఎవరి గుర్తేదో తెలియక గీశాడంటే నమ్ముతానా? పండగ దాటాక కొత్త మోటారు ఇస్తానని ఎసుమాన్ వాడికి మాటిచ్చాడని రేవంతా చెప్పుకుంటోందట. నువ్వు గొడవలో పడాలి, మేడ ఖాళీ కావాలి, అదీ వాళ్ళ ఎత్తు. నిన్ను తెచ్చినవాడే నిన్ను తొయ్యబోయాడు. నువ్వేమో వాడి తప్పు నీ నెత్తినేసుకుని నాకు అబద్ధం రాశావు.

నీ మీద కోపం లేదు. నీ గడువు ఇంక రెండేళ్ళ లెక్క కాదు. నువ్వు ఉంటానన్నన్నాళ్ళూ ఆ మేడ నీది, ఎసుమాన్‌కు కూడా అలాగే రాశాను. వాడి మీద ఉన్న కోపానికి మాత్రం ఈ సముద్రం చాలదు. చుట్టాలు జిన్ను సీసాకు లొంగుతారని నేనే నీకు రాశాను, నా తోడబుట్టినవాణ్ణి అందులో కలపలేదు. వాడి చాపా వలలూ వీధిలో పెట్టించు. ఈ క్రిస్మస్‌కు నేను ఎడీనా రాను. వాడి ముఖం చూడలేను.

అరబా


ఎడీనా
సెప్టెంబరు

పెద్దమ్మా,

ఇన్నాళ్ళూ అమ్మా అన్నాను. ఈ ఉత్తరంలో మీతో పోట్లాడబోతున్నాను కాబట్టి చుట్టరికం కొంచెం గట్టి చేసుకుంటున్నాను.

చాపా వలలూ వీధిలో పెట్టను. ఎసుమాన్ పెద్దాయన నన్ను ఖాళీ చెయ్యమంటే కుదరదన్నాను. మీరు ఇంకొకర్ని ఖాళీ చేయించమన్నా అదే జవాబు. ఇంట్లోంచి మనిషిని తొయ్యడానికి కాదు నేను గుమ్మంలో కూర్చున్నది.

అబద్ధం రాసిన మాట నిజమే. కర్రలు పట్టుకుని జనం వచ్చిన మధ్యాహ్నం, వాళ్ళకంటే ముందే మావయ్య మెట్ల మీదకు పరిగెత్తుకొచ్చాడు. "దింపెయ్, అమ్మాయ్, దింపెయ్ దాన్ని! ఇంత అవుతుందనుకోలేదు" అని చేతులు పట్టుకున్నాడు. కిటికీకి రాయి తగిలినప్పుడు నా ముందు నిలబడ్డాడు. చెవి దగ్గర గాటు ఇప్పటికీ ఉంది. మీ పడవవాళ్ళు పీత డెక్కలు చూశారు గానీ అది చూడలేదు. మోటారు మాట నిజమే, తీసుకోలేదన్నది కూడా నిజమే. పండగ అయిన మర్నాడు ఎసుమాన్ పెద్దాయన ఇంటికెళ్ళి వద్దని చెప్పొచ్చాడు. జిన్ను మానేశాడని మాత్రం అబద్ధం చెప్పను, తగ్గించాడు.

మీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. దాచడం నాకు చేతకాదని మీరే తేల్చేశారు గదా. విని, అల్లుతున్న వల పక్కన పెట్టి, లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తర్వాత "నా మాట కూడా రాయి" అన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"అక్కా, మోటారు ఇస్తానన్నాడు. మళ్ళీ వేటకు పోవచ్చనుకున్నా. ఒడ్డున కూర్చుని ఊరోళ్ళ వలలు అల్లీ అల్లీ నా చేతులు నావి కాకుండా పోయాయి. అమ్మమ్మ గుమ్మాన్ని అమ్మబోయానన్నది నిజమే, కాదనను. ఈ అమ్మాయిని తెచ్చిందీ నేనే, ముంచబోయిందీ నేనే. నన్ను కొట్టాలనుంటే వచ్చి కొట్టు. పడవ తెడ్డుతో కొట్టినా సరే. రాకుండా మాత్రం ఉండకు."

ఇంతవరకూ ఆయన మాట.

తూర్పు గది మీ కోసం కడిగించాను, ఎఫువా పిన్ని చాప ఎండబెట్టింది. క్రిస్మస్ ముందు బుధవారం అబిజాన్ లారీ వంతెన దగ్గర ఆగుతుంది. మేం ముగ్గురం అక్కడ నిలబడి ఉంటాం. మీరు రారేమోనన్న అనుమానం నాకు లేదు. ఎందుకంటే తెడ్డు మావయ్య ఇప్పుడే నున్నగా చెక్కుతున్నాడు, మీ చేతికి గరుకు తగలకూడదట.

సెర్వా